మంచుకొండల బాటసారి జాన్ మ్యూర్

మనలో పెక్కుమంది మంచుకొండలను పాఠ్యపుస్తకములలోని చిత్రములయందే చూచియుందురు. ఎండకు కాగిన రాతిగుట్టలు, పొలముగట్లు, చెరువుకట్టలు మనకు పరిచితములు. మోకాలిలోతు మంచులో నడచుట యెట్టిదో మనకు తెలియదు. అయినను, గుట్టనెక్కి నలుదిక్కులు పరికించినప్పటి సంతోషమును, చెరువుగట్టున కూర్చుండి నీటిలో మేఘముల నీడలు చూచినప్పటి సంతోషమును ఎరుగని బాలుడు గాని బాలిక గాని మన పాఠశాలలో నుండరని మా నమ్మకము. ఇట్టి తిరుగుడు కాలహరణమని పెద్దలు కొందరు గద్దించుటయు మనమెరిగినదే. అట్టి తిరుగుడునే జీవితముగ చేసికొని, దానివలననే శాస్త్రమునకొక సత్యమును, లోకమునకు కొన్ని మహారణ్యములను సమకూర్చిన యొక బాటసారి చరిత్రమును మేమిచట చెప్పబూనితిమి. అతని పేరు జాన్ మ్యూర్.

మ్యూర్ 1838వ సంవత్సరము ఏప్రిలు 21వ తేదీన స్కాట్లండు దేశపు తూర్పు తీరమునగల డన్‌బార్ అను చిన్న పట్టణమున జన్మించెను. ఎనమండుగురు బిడ్డలలో నతడు మూడవవాడు, మగపిల్లలలో మొదటివాడు. తండ్రి డేనియల్ మ్యూర్ ధాన్యపు వర్తకుడు. మతనిష్ఠ మిక్కుటముగ గలవాడు. దండింపనిదే బిడ్డలు బాగుపడరని నమ్మినవాడు. ప్రతిదినము బైబిలులోని కొంత భాగమును కంఠస్థము చేసి యొప్పగింపవలెను. తప్పినచో దెబ్బలు తప్పవు. పదునొకండేండ్లు నిండునప్పటికి ఆ గ్రంథమున క్రొత్త నిబంధన యంతయు, పాత నిబంధనలో ముప్పాతిక భాగమును ఆ బాలునకు నోటికి వచ్చెను. బడిలో లాటిను, ఫ్రెంచి, ఇంగ్లీషు వ్యాకరణములను గురువులును అట్లే దెబ్బలతోనే నేర్పిరి.

ఇంటి దొడ్డి దాటి పొలములకు గాని సముద్రపుటొడ్డునకు గాని పోరాదని తండ్రి యాజ్ఞ. కాని సెలవు వచ్చెనా, జాన్ గోడ దాటి పోవును. శిథిలమైన పాత కోట గోడల నెక్కుట, పిట్టగూండ్లు వెదకుట, రాళ్లనడుమ నిలిచిన ఉప్పునీటిలో పీతలను చూచుట అతని వేడుకలు. సాయంకాలము ఇల్లు చేరినపిమ్మట దెబ్బలు తినును; మరుసటి సెలవునాడు మరల పోవును. దెబ్బల భయముకంటె బయటి గాలిమీది మక్కువ అతనికి ఎక్కువయ్యెను.

1849 ఫిబ్రవరిలో నొకనాటి రాత్రి, తాతగారి యింట పాఠములు వల్లెవేయుచున్న పిల్లలయొద్దకు తండ్రి వచ్చి, ఇక పాఠములతో పనిలేదనియు, తెల్లవారిన అమెరికాకు ప్రయాణమనియు చెప్పెను. జానునకప్పుడు పదునొకండవయేడు నడచుచుండెను. అక్క సారా, తమ్ముడు డేవిడ్, తండ్రి, తాను తెరచాపల యోడలో వారముల తరబడి ప్రయాణించి ఆవలితీరము చేరిరి. తల్లియు మిగిలిన పిల్లలును ఇల్లు సిద్ధమైనపిమ్మట వచ్చిరి. విస్కాన్సిన్ రాష్ట్రమున, అడవినడుమ, తెల్లకలువలు పూయు ఒక చిన్న సరస్సు గట్టున ఆ కుటుంబము స్థిరపడెను. ఆ సరస్సు జానునకు రెండవ పాఠశాల యయ్యెను. దానిలో నీదుట నేర్చెను. దాని గట్టున పక్షులను, చేపలను, కప్పలను గమనించుట నేర్చెను.

వచ్చిన దేశమును ఎంత ప్రేమించినను, పుట్టిన దేశపు పలుకును అతడు విడువలేదు. స్కాట్లండు యాస జీవితాంతము అతని నోట నిలిచియుండెను. ఆ దేశభాషలో పాడిన రాబర్ట్ బర్న్స్ కవి పద్యములు అతనికి ప్రాణప్రదములు. ఊరు మారినంతమాత్రమున భాష మారనక్కరలేదని మనబోటివారికి వేరుగ చెప్పవలసిన పనిలేదు గదా.

క్రొత్తనేలమీద బ్రదుకు సులభముకాలేదు. పన్నెండవయేట జాన్ నాగలి పట్టెను. అప్పటికి అతని తల మేడితోకకంటె కొంచెమే ఎత్తుగ నుండెను. చెట్లు నరకుట, మొదళ్లు పెకలించుట, కోతలు కోయుట అతని పాలబడెను. కొన్నియేండ్లకు తండ్రి మరియొక పొలము కొని, అచట బావి త్రవ్వుమని ఆజ్ఞాపించెను. పైన కొన్ని అడుగుల మన్ను, క్రింద నంతయు ఇసుకరాయి. జాన్ ఒక్కడే సుత్తి, ఉలి పట్టుకొని, మూడడుగుల వెడల్పుగల గోతిలో కూర్చుండి, ఉదయమునుండి సాయంకాలమువరకు నెలల తరబడి చెక్కెను. సుమారు 80 అడుగుల లోతున నొకనాటి యుదయమున, రాత్రి పేరుకొనిన విషవాయువు అతనిని క్రమ్మెను. పైన తండ్రి కేకలు వేయగా, స్పృహ తప్పుచున్నను ఎట్లో బొక్కెనలో నెక్కి, ఊపిరాడక పైకి వచ్చెను. ఒకటి రెండు దినములు పడకమీద నుండి మరల దిగెను. 90 అడుగులకు నీరు పడెను.

ఇంతటి పనిలోను చదువుమీది కోరిక చావలేదు. రాత్రి మేలుకొనుటకు తండ్రి అంగీకరింపడు. తెల్లవారుజామున ఎంత త్వరగ లేచినను అడ్డుచెప్పనని మాత్రము మాట యిచ్చెను. నాటినుండి జాన్ రాత్రి ఒంటిగంటకే లేచి, చలికి వణకుచు నేలమాళిగలో కూర్చుండి చదివెను. కర్రముక్కలు చెక్కి గడియారములు చేసెను. నియమిత కాలమునకు తానే వంగి నిద్రించువానిని క్రిందికి దించు మంచమొకటి అతడు కల్పించిన యంత్రములలో నుండెను. 1860లో మాడిసన్ నగరపు ప్రదర్శనమునకు ఈ వస్తువులను తీసికొనిపోగా జనులు విరగబడి చూచిరి. మరుసటియేట నతడు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ప్రవేశించెను.

అచట నొక చెట్టుక్రింద జరిగిన చిన్న సంఘటనము అతని జీవితమును మలుపు త్రిప్పెను. తోడి విద్యార్థి యొకడు లోకస్టు అను పెద్ద వృక్షపు పూవును కోసి చూపి, ఆ మ్రాను బఠానీతీగె కుటుంబమునకు చెందినదని వివరించెను. పూరేకుల యమరిక, కాయ తీరు రెండింటను ఒక్కటే. నేలబ్రాకు తీగెకును ఆకాశమంటు మ్రానుకును చుట్టరికమున్నదని తెలిసిన యానాటినుండి మ్యూర్ వృక్షశాస్త్రమునకు దాసుడయ్యెను. పట్టము తీసికొనకయే 1863లో విశ్వవిద్యాలయమును విడిచి, కెనడా అడవులలో మొక్కలు వెదకుచు తిరిగి, పొట్టకూటికై కర్మాగారములలో పనిచేసెను.

1867 మార్చిలో ఇండియనాపొలిస్ నగరమున బండ్ల భాగములు చేయు కర్మాగారములో, యంత్రపు పట్టీని సరిచేయుచుండగా, చేతిలోని యాకురాయి జారి కొన కుడికంట గ్రుచ్చుకొనెను. ఆ కన్ను చీకటియయ్యెను. కొలదిసేపటికి ఎడమకన్నును చూపు కోల్పోయెను. ఇరువదియెనిమిదేండ్ల యువకుడు వారముల తరబడి చీకటి గదిలో పడుకొని, ఇక పూలను చూడనా, కొండలను చూడనా యని తపించెను. దైవవశమున చూపు మరల వచ్చెను. యంత్రములతో ధనవంతుడు కాగల నైపుణ్యము అతనికుండెను. యజమానులును భాగస్వామ్యమీయ సిద్ధపడిరి. కాని తిరిగి దక్కిన కన్నులను సృష్టిని చూచుటకే వినియోగింతునని అతడు నిశ్చయించుకొనెను.

ఆ సంవత్సరము సెప్టెంబరులో అతడు లూయివిల్ నగరమునుండి కాలినడకన దక్షిణముగ బయలుదేరెను. సంచిలో బర్న్స్ పద్యములు, మిల్టన్ కావ్యము, క్రొత్త నిబంధన, ఒక వృక్షశాస్త్ర గ్రంథము. అంతర్యుద్ధము ముగిసి రెండేండ్లే యయ్యెను. దారులలో దొంగలు, ఊళ్లలో పేదరికము. సుమారు 1,000 మైళ్లు నడచి ఫ్లోరిడాలో మెక్సికో సింధుశాఖ తీరమునకు చేరెను. అచట మలేరియా పట్టి చావుదాక పోయి బ్రదికెను. దక్షిణ అమెరికాకు పోవలెనను కోరికను విడిచి, పనామా మీదుగ 1868 మార్చి చివర శాన్‌ఫ్రాన్సిస్కో చేరెను. నగరములో ఒక్కనాడు మాత్రమే ఆగి, అడవియున్న చోటికి దారి యేదని యడిగి, మరల కాలినడకన సాగెను.

ఆ నడకలో నొక కనుమదాటి చూడగా, ఎదుట వసంతకాలపు పూలతో నిండిన మహామైదానము. దానికావల తెల్లని శిఖరములతో మెరయు పర్వతపంక్తి. అదియే సుమారు 400 మైళ్ల పొడవుగల సియెర్రా నెవాడా. స్పానిషు భాషలో నా పేరునకు మంచుశ్రేణియని యర్థము. మ్యూర్ మాత్రము దానిని కాంతిశ్రేణి యనుట తగునని భావించెను.

1869 వేసవిలో గొర్రెలమందను పచ్చికమేతకై పైకొండలకు తోలుకొనిపోవు పనిలో కుదిరెను. మందను కాయువాడు వేరొకడుండుటచే మ్యూరునకు తిరుగుటకు కావలసినంత తీరిక దొరకెను. కెథీడ్రల్ శిఖరమునెక్కెను, టెనాయా సరస్సు గట్టున, మెరుగుపెట్టినట్లున్న నల్లరాతి పలకలమీద నడచెను. ఈ నునుపు ఎక్కడినుండి వచ్చినది? ఏ చేయి ఇంత రాతిని రుద్దినది? ఈ ప్రశ్న అతని మనస్సున నాటుకొనెను. మరియొకటియు గమనించెను. తాము తోలుకొనివచ్చిన గొర్రెలే పూలను, పచ్చికను వేళ్లతో సహా మేసి కొండను బోడిచేయుచుండెను. వాటిని అతడు గిట్టలున్న మిడతలతో పోల్చెను. తన కూలి యా మందవలననే వచ్చుచున్నను సత్యము చెప్పుటకు అతడు వెనుదీయలేదు.

పిమ్మట యోసెమిటీ లోయలో రంపపుమిల్లు నడుపు పనికి చేరెను. అచట పచ్చనిచెట్లను గాక, గాలికి కూలిన మ్రాకులను మాత్రమే కోసెను. జలపాతము చెంత చిన్న కుటీరము కట్టుకొని, ఏటికాలువనొకదానిని గదిలోనుండియే పారజేసికొనెను. రాత్రియంతయు ఆ నీటి సవ్వడి వినుచు నిదురించును.

అతని పర్వతయాత్రకు సన్నాహము మిక్కిలి తక్కువ. రొట్టె, తేయాకు, ఒక తపేలా, ఒక చేతిపుస్తకము. తుపాకి లేదు, తరచు కంబళియు లేదు. చలివేసినచో నెగడు వేసికొని దానిప్రక్కన పొరలును. ఒంటరిగ దినముల తరబడి పోవును. అలసిన చోట ఆగి, ఒక పూవుప్రక్కన ఒక నిమిషమో ఒక దినమో గడుపును. శిఖరమెక్కుట పందెముగ నతడు తలంపలేదు. 1874 డిసెంబరులో పెనుగాలి వీచుచుండగా సుమారు 100 అడుగుల చెట్టునెక్కి కొనకొమ్మను కరచుకొని గంటలకొలది ఊగెను! గాలిలో చెట్టునకెట్లుండునో తెలిసికొనుటయే అతని కోరిక. ఈ యొక్క పనిని మాత్రము మన విద్యార్థులు అనుకరింపవలదని మేము హెచ్చరించుచున్నాము.

ఈ తిరుగుడులోనే టెనాయా సరస్సు గట్టున పుట్టిన ప్రశ్నకు సమాధానము దొరకెను. వేలయడుగుల నిలువుగోడలుగల యోసెమిటీ లోయ ఎట్లేర్పడినది? ఒకప్పుడు భూమి క్రుంగి లోయ యడుగు క్రిందికి జారినదని రాష్ట్ర భూగర్భశాస్త్రజ్ఞుడగు జోసయ్య విట్నీ సిద్ధాంతము చేసియుండెను. హిమానీనదము, అనగా మెల్లగ జారు మంచునది, ఆ లోయను తొలిచినదని మ్యూర్ వాదించెను. రాతిమీది గీతలు, నునుపు, మంచు మోసికొనివచ్చి విడిచిన బండలవరుసలు అతని సాక్ష్యములు. గొర్రెలకాపరికి భూగర్భశాస్త్రమేమి తెలియునని విట్నీ ఎగతాళి చేసెను. మ్యూర్ వాదము పెంచుకొనక మరల కొండకు పోయెను. 1871లో సియెర్రాలో సజీవమైన హిమానీనదమును కనుగొనెను. 1872లో మెక్లూర్ శిఖరముక్రింది మంచుమీద మేకులు వరుసగ పాతి, కొన్ని వారముల తరువాత మరల కొలిచి, అది దినమునకించుమించు ఒక అంగుళము చొప్పున కదలుచున్నదని నిరూపించెను.

ఆ లోయను నదియు, పిమ్మట మంచును కలిసి తొలిచినవని నేటి శాస్త్రము చెప్పుచున్నది. మంచు వ్యాపించిన మేరను మ్యూర్ అధికముగ అంచనావేసెను. అయినను మూలవిషయమున గొర్రెలకాపరి మాటయే నిలిచెను. 2013లో ఉద్యానవనపు శాస్త్రజ్ఞులు ప్రకటించినదేమనగా, మెక్లూర్ హిమానీనదము నాటివలెనే దినమునకు ఒక అంగుళము కదలుచున్నను, ప్రక్కనున్న లయెల్ హిమానీనదము మిక్కిలి పలుచబడి కదలిక మానివేసినది. మ్యూర్ పాతిన మేకులు లేకున్నచో నాటికి నేటికి పోల్చిచూచుటకు మనకు కొలబద్దయే యుండెడిది కాదు.

మంచు అతనికి ఆనందమునే గాక మృత్యువును కూడ చూపెను. 1875 ఏప్రిలు 30వ తేదీన వాతావరణపు పరిశీలనకై జెరోమ్ ఫే అను తోడివానితో 14,000 అడుగులకు మించిన షాస్టా పర్వతము నెక్కెను. శిఖరముకడ నుండగా మంచుతుపాను క్రమ్మెను, దారి కానరాలేదు. అది అగ్నిపర్వతమగుటచే ఒకచోట నేలనుండి వేడియావిరి, బురద వెలువడుచుండెను. ఇరువురును ఆ బురదలో వెల్లకిల పడుకొని రాత్రి గడపిరి. క్రింద వీపు కాలుచుండెను; పైన దుస్తులు గడ్డకట్టుచుండెను. తెల్లవారిన పిమ్మట వంగని కాళ్లతో దిగివచ్చిరి. మంచుకాటు బాధ మ్యూర్ పాదములను చిరకాలము వదలలేదు. తుపాను రాకమునుపే దిగవలసినదని ఫే హెచ్చరించియుండెను. మ్యూర్ మరికొంత పరిశీలన మిగిలియున్నదని జాగుచేసెను. కొండను ప్రేమించువాడు కొండకు భయపడుటయు నేర్వవలెనని ఈ రాత్రి చెప్పుచున్నది.

1879లో అలాస్కాకు పోయెను. టిలింగిట్ జాతివారు పడవ నడపి దారి చూపగా గ్లేసియర్ బే అను మంచు అఖాతమును దర్శించెను. మరుసటియేటి యాత్రలో స్టికీన్ అను చిన్న నల్లకుక్క, తోడివాని పెంపుడుజంతువు, వాన హోరులో మ్యూర్ వెంటబడెను. పొమ్మన్నను పోలేదు. పగలంతయు హిమానీనదముమీద తిరిగి మరలివచ్చుచుండగా, సంజచీకటిలో అగాధమైన పగులొకటి అడ్డము వచ్చెను. దాటుటకు కత్తివాదరవంటి మంచువంతెన తప్ప వేరు దారి లేదు. మ్యూర్ గొడ్డలితో మెట్లు చెక్కుచు, వంతెనకు ఇరువైపుల కాళ్లువేసి జరుగుచు ఆవలికి చేరెను. కుక్క అంచున నిలిచి దీనముగ నేడ్చెను. ఎంతోసేపు పిలువగా, ఒక్కొక్క పాదము మెల్లగ మోపుచు దాటివచ్చి, చుట్టును గంతులు వేయుచు ఆనందముతో పిచ్చిదైనట్లు పరుగెత్తెను. భయము, ధైర్యము, సంతోషము మనుష్యుల సొత్తు మాత్రమే కాదని మ్యూర్ ఆనాడు గ్రహించెను. 1909లో ఆ కుక్కపేరనే ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను.

1880 ఏప్రిలు 14న లూయీ స్ట్రెంజెల్ అను నామెను వివాహమాడి, మార్టినెజ్ వద్ద మామగారి పండ్లతోటలను సాగుచేసెను. వాండా, హెలెన్ అను ఇరువురు కుమార్తెలు కలిగిరి. కృషిలోను అతడు గట్టివాడే. చాలినంత ధనము కూడబెట్టెను. కాని ఏటేట దేహము చిక్కెను, దగ్గు పట్టెను, మనస్సు కుందెను. భార్య ఇది గమనించి, తోటలో కొంత యమ్మివేయించి, కొండలకు పోయి వ్రాసికొనుమని భర్తను పంపెను. మ్యూర్ చరిత్రమున నా యిల్లాలి వివేకమునకు తగినంత పేరు రాలేదని మాకు తోచుచున్నది.

1889లో ఒక ప్రసిద్ధ మాసపత్రిక సంపాదకుడు రాబర్ట్ అండర్‌వుడ్ జాన్సన్ అతనితో పైకొండలకు వచ్చి, గొర్రెలు పాడుచేసిన పచ్చికబయళ్లను చూచెను. అతని ప్రోత్సాహముచే మ్యూర్ రెండు వ్యాసములు వ్రాసెను. 1890 అక్టోబరు 1న లోయ చుట్టునున్న పర్వతప్రదేశమంతయు యోసెమిటీ జాతీయోద్యానవనముగ శాసింపబడెను. 1892లో సియెర్రా క్లబ్బు స్థాపింపబడగా, మరణపర్యంతము అతడే అధ్యక్షుడుగ నుండెను.

1903 మే నెలలో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ యోసెమిటీకి వచ్చి, విందులను విడిచి మ్యూరుతో మూడు రాత్రులు ఆరుబయట గడపెను. ఒక రాత్రి మంచు కురిసి కంబళ్లమీద పేరుకొనగా ఉదయమున అధ్యక్షుడు చిన్నపిల్లవానివలె సంతోషించెనట. నెగడు ప్రక్కన మ్యూర్ తన మనవిని చెప్పుకొనెను. 1906 నాటికి రాష్ట్రము చేతిలోనున్న లోయయు జాతీయోద్యానవనమున చేరెను. ఈ భేటికై వాయిదావేసిన ప్రపంచయాత్రకు మ్యూర్ వెంటనే బయలుదేరెను. ఆ యాత్రలో మన దేశమునకును వచ్చెను. డార్జిలింగుకు పోయెను, సిమ్లా వైపు దేవదారు వనములను చూచెను.

ఇచట మేమొక విషయము దాచరాదు. యోసెమిటీ జనములేని అడవికాదు. అవానీచీ అను జాతివారికి అది తాతముత్తాతలనాటి యిల్లు. 1851లో సాయుధదళము వారిని తరిమివేసెను. ప్రారంభపు రచనలలో మ్యూర్ ఆ ప్రాంతపు మూలవాసులనుగూర్చి తేలికగను, కించపరచునట్లును వ్రాసెను. అలాస్కాలో టిలింగిట్ జాతివారితో మెలగినపిమ్మట అతని దృష్టి కొంత మారెను. 2020లో సియెర్రా క్లబ్బు ఈ దోషమును బహిరంగముగ నంగీకరించెను. గొప్పవారి చరిత్రము చదువునపుడు వారి కన్నులకేమి కనబడలేదో అదియు మనము చూడవలెను.

తుదిపోరాటమున మ్యూర్ ఓడిపోయెను. యోసెమిటీ ఉద్యానవనములోనే హెచ్‌హెచీ అను మరియొక లోయ గలదు. అదియు పచ్చికబయళ్లతో, జలపాతములతో యోసెమిటీకి తోబుట్టువువంటిది. 150 మైళ్లకు మించిన దూరముననున్న శాన్‌ఫ్రాన్సిస్కో నగరము నీటికొరకు అచట ఆనకట్ట కట్టనెంచెను. 1906 నాటి భూకంపము, అగ్నిప్రమాదము పిమ్మట నగరపు కోరిక మరింత బలపడెను. నగరమునకు నీరు కావలెననుట న్యాయమే. నీటికి వేరు చోట్లు గలవు గాని అట్టి లోయ మరియొకటి లేదని మ్యూర్ వాదము. వృద్ధాప్యమున ఏండ్ల తరబడి వ్యాసములు వ్రాసెను, ఉత్తరములు వ్రాసెను, పెద్దలను వేడుకొనెను. 1913 డిసెంబరు 19న ఆనకట్ట శాసనముపై సంతకమయ్యెను. ఏడాది తిరిగినపిమ్మట, 1914 డిసెంబరు 24న, లాస్‌ఏంజిలిస్ వైద్యశాలలో ఊపిరితిత్తుల జబ్బుతో మ్యూర్ కన్నుమూసెను. వయస్సు డెబ్బదియారు. 1923లో ఆనకట్ట పూర్తియై లోయ నీట మునిగెను.

ఓడినను ఆ పోరు వ్యర్థముకాలేదు. ఉద్యానవనములను కాపాడుట కెవ్వరును లేరని దేశమునకు తెలిసివచ్చి, 1916లో అందులకై ప్రత్యేకశాఖ ఏర్పడెను. సియెర్రా కొండలలో 211 మైళ్ల కాలిబాటకు మ్యూర్ పేరుపెట్టిరి. యోసెమిటీలో మొదలగు నా బాట దక్షిణమున ముగియునది యెచటననుకొందురు? విట్నీ శిఖరముమీద! ఒకరినొకరు కాదన్న ఇరువురి పేర్లను నేడొక్క బాట కలుపుచున్నది.

మ్యూర్ వాదనలు చట్టసభలలో విలువ పొందుటకు కారణమేమి? ఆ పచ్చికను గొర్రెలు తినకమునుపు అతడు చూచియుండెను. ఆ మంచును చేతితో కొలిచియుండెను. ఆ లోయలో వెన్నెలరాత్రులు గడపియుండెను. ఎరుగనిదానిని ఎవడును కాపాడలేడు. ప్రేమింపనిదానిని కాపాడవలెనని యెవనికిని తోచదు. కాళ్లతో నడచి యెరుగుటయు, కన్నులార చూచి ప్రేమించుటయు అతని యందు ఒక్కటే పనియయ్యెను. ఆనందము పొందినవాడు ఆ స్థలమునకు ఋణపడునని గ్రహించి, ఆ ఋణమును తీర్చుటకు కడపటి శ్వాసవరకు శ్రమించెను.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. పిల్లలు గుట్టలెక్కి, ఏటిగట్టున తిరిగి, దుమ్ముకొట్టుకొని ఇల్లుచేరినపుడు గద్దించుటకుముందు, ఏమి చూచితిరని యొక్కమాట యడుగుడు. ఏ పూవు, ఏ పిట్ట, ఏ రాయి యని వారు మన తెలుగులో పేర్లు చెప్పబూనుదురు. పేరు తెలియనిచోట ఇంటిలోని అవ్వనో తాతనో యడుగుదురు. ఆ సంభాషణమునుండియే, ఎవరెరుగుదురు, ఆ గుట్టకును ఆ యేటికిని రేపటి కాపరి పుట్టవచ్చును.